కన్నుకు నిండితేనే తడిక

కొత్తకోట చౌరస్తాలో నిలబడి టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. గొర్లు కాసే పెద్దయ్య కోడలు. “మేడం, మా మామ పోయిండు. పొద్దుగాల” అంది. “అట్లనా” అన్నాను. ఇంకేమన్నా అంటానేమోనని ఆమె కాసేపు ఆగింది. “మీకు చెప్పాలనిపించి చెప్పిన” అని పెట్టేసింది. గ్లాసులో సగం టీ మిగిలి ఉంది, తాగాను. చక్కెర ఎక్కువైందని టీ అతనితో అన్నాను కూడా. తర్వాత వనపర్తి బస్సెక్కి, గొర్రెల కడుపులో పురుగులకు తాపే నట్టల మందు మీద ఆఫీసులో పెట్టిన మీటింగులో కూర్చుని, చెప్పిందంతా రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు.

ఆయన్ని మట్టిచేసే వేళకు పోలేదు. వీల్లేక కాదు, పోవచ్చు. కాళ్లు లేవలేదు, అంతే. దుఃఖం వస్తే పోదామనుకున్నాను. అది రాలేదు. పదకొండో రోజుకు రమ్మని మళ్లీ ఫోన్ చేశారు. దానికీ పోలేదు.

నేను పశువుల దవాఖానలో పనిచేస్తాను. డాక్టరును కాను, డాక్టరు కింద సహాయకురాలిని. ఊళ్లలో ఆ తేడా ఎవరికీ పట్టదు, చేతిలో సూది ఉంటే డాక్టరమ్మే. ఆయనొక్కడే నన్ను ఏనాడూ డాక్టరమ్మా అనలేదు. బిడ్డా అనేవాడు. లేకపోతే ఏమీ అనకుండా నాలుకతో టక్కుమని చప్పుడు చేసేవాడు. గొర్రెల్ని పిలిచే చప్పుడే అది. మొదట్లో ఒళ్లు మండేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే గొర్రెలతో పాటు నేనూ తల తిప్పడం మొదలుపెట్టాను.

వీపనగండ్ల మండలంలో నాకు ఉద్యోగం పడిన మొదటి ఏడాది ఆయన్ని చూశాను. ఊరి బయట రాళ్లగోడ కట్టి, మీద ముళ్లకంప పరిచిన దొడ్డి. దానికి తలుపుగా వెదురు తడిక. టీకాలు వేయడానికి పోయి, “ఎన్ని గొర్లున్నయి పెద్దయ్యా?” అని అడిగాను. 

“ఉన్నయి.” 

“ఎన్ని?” 

“దేవుడిచ్చినన్ని.” 

“రాసుకోవాలె పెద్దయ్యా, ఊకె ఉన్నయంటె ఎట్ల?” 

“రాసుకో, ఎవరొద్దన్నరు? నన్ను లెక్కవెట్టుమనకు. జీవాలను లెక్కవెట్టొద్దు.” 

లెక్కపెడితే దిష్టి తగులుతుందని అక్కడి గొర్లకాపరులు చాలామంది అంటారు. అందరూ నోటితో అంటారు, చాటుగా లెక్కపెట్టుకుంటారు. ఆయన నిజంగానే లెక్కపెట్టేవాడు కాదు. నేను తడిక దగ్గర నిలబడి ఒకటీ రెండూ అంటుంటే, చేయరాని పని ఏదో పక్కన జరుగుతున్నట్టు మొహం అటు తిప్పుకుని దగ్గేవాడు.

ఆయన పద్ధతి వేరు. పొద్దుమీకి మంద తిరిగొచ్చేసరికి తడికకు ఎడమ పక్కన నిలబడేవాడు. ఎప్పుడూ అక్కడే. కర్ర మీద బరువు వేసి ఎడమ కాలు ముందుకు చాపేవాడు. గొర్రెలు ఆ కాలిని తప్పించుకుని, కొంచెం కుడికి ఒరిగి, ఒక్కొక్కటే లోపలికి పోవాలి. కిందికి చూసేవాడు కాదు. అన్నీ దూరాక గోడ మీద చెయ్యి పెట్టి మంద మొత్తాన్ని ఒక్కసారి చూసేవాడు. బొటనవేలితో కర్ర మీద రుద్దుతూ చూసేవాడు. ఆ తర్వాత “నిండింది” అని తడిక వేసేవాడు. 

“ఏం నిండింది?” అని అడిగాను ఒకరోజు. 

“కన్ను.” 

“గట్ల చూస్తే ఒకటి తక్కువైతే తెలుస్తదా?” 

నన్ను జాలిగా చూశాడు. “నువ్వు బువ్వ తింటవు గదా బిడ్డా. కడుపు నిండితే లేస్తవు. ఎన్ని బుక్కలు తిన్నవో లెక్కవెట్టుకోని లేస్తవా?” 

ఆ రోజు రిజిస్టరులో నేను రాసింది ఎనభై రెండు. ఇంటికొచ్చి అన్నం తింటూ బుక్కలు లెక్కపెట్టబోయి, నాలుగో బుక్క దగ్గర నవ్వొచ్చి మానేశాను.

ఆయన్నేదో మహిమ గలవాడిలా చెప్తున్నాననుకుంటారేమో. అలాంటిదేం లేదు. ఆయన మనసు చాలాసార్లు తప్పేది. ఇయ్యాల వాన పడుతుందని నన్ను గొడుగు తెమ్మని కబురంపి, ఆ రోజంతా ఎండలో మాడ్చాడు. ఒకసారి వనపర్తి బస్టాండులో ఇద్దరం ఊరి బస్సు కోసం కూర్చున్నాం. బస్సు వచ్చింది. నేను లేచాను, ఆయన లేవలేదు. “గీ బస్సు వద్దు బిడ్డా. మనసుకు రాలే” అన్నాడు. నేను ఎక్కి వెళ్లిపోయాను. బస్సుకేమీ కాలేదు, క్షేమంగా దిగాను. గంట తర్వాత ఆయన వచ్చాడు. “ఏమాయె నీ మనసు? బస్సు మంచిగనే వచ్చింది” అన్నాను. “నిలబడొచ్చినవా, కూసోనొచ్చినవా?” అని అడిగాడు. నిలబడే వచ్చాను. “నేను కూసోనొచ్చిన” అని గొంగడి దులుపుకుని వెళ్లిపోయాడు. తప్పినప్పుడు ఒప్పుకునేవాడు కూడా. “మనసు గుడ అప్పుడప్పుడు అబద్ధమాడ్తది. నోరు ఆడ్తలేదా? అట్లని నోరు మూసుకుంటున్నమా?” అనేవాడు.

చెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. మానేసి ఇరవై ఏళ్లయిందట. “మరి ఎందుకది?” అంటే, “తాగాలనిపిస్తే ఉండాలె గదా” అన్నాడు. మందలో చెప్పులతో నడవనిచ్చేవాడు కాదు. ఏ గొర్రెకు సూది వేసినా దాని నొసటి మీద చెయ్యి పెట్టి ఉంచేవాడు, సూది తనకే గుచ్చినట్టు మూతి బిగించేవాడు.

నన్ను ఆయన చదివేశాడని నాకు తెలిసింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. టీకా మందు ఐసు డబ్బాలో పెట్టుకుని పోయాను. ముందు రోజు కరెంటు పోయింది. ఐసు సరిగా కట్టిందో లేదో నాకు అనుమానంగానే ఉంది, కానీ ఆ అనుమానాన్ని నాకు నేనే చెప్పుకోలేదు. పొద్దున డబ్బా మూత పెట్టేటప్పుడు ఐసు ఉంది, కాగితం మీద టిక్కు పెట్టాను, అంతా సరిగ్గా ఉన్నట్టే. సూది నింపబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. 

“వద్దు. ఇయ్యాల వెయ్యకు.” 

“ఏమైంది?” 

“వచ్చినకాన్నుంచి ఆ డబ్బ మీద మూడుమాట్ల చెయ్యి వెట్టినవు. నువ్వే నమ్ముతలేవు, నా జీవాలెట్ల నమ్మాలె?” 

మూత తీసి చూస్తే ఐసు లేదు. నీళ్లు, అవీ వెచ్చగా. సీసాలన్నీ వాటిలో తేలుతున్నాయి. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో తిరిగి పోవాల్సి వచ్చిందని విసుక్కున్నాను. ఆయన మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. “మనసు చిన్నగ చెప్తది బిడ్డా. నోరులెక్క ఒర్లదు. నువ్వు జర ఆగితే ఇనపడ్తది” అన్నాడు. ఆ మాటను నేను అర్థం చేసుకున్నాననే అనుకున్నాను. చాలామందికి చెప్పాను కూడా, నా మాటే అయినట్టు.

ఆరేళ్ల కిందట, తొలకరి పడిన రోజు. పగలంతా వాన కురిసి సాయంత్రానికి తెరిపిచ్చింది. గొర్రెలన్నీ బురదలో తడిసి ఒకే రంగులో ఉన్నాయి. చెవి కోతలు, వీపు మీద రంగు గుర్తులు ఏవీ కనపడటం లేదు. ఆ మధ్యాహ్నమే కాలువ వంతెన దగ్గర ఏటి అవతల నుంచి వచ్చిన ఇంకో మంద ఎదురై, కాసేపు రెండూ కలిసిపోయి, విడదీసుకుని వచ్చాడు. ఆ రోజు పారుడు రోగానికి టీకా, అది మందంతా అంటుకునే విరేచనాల జబ్బు. నేను తడిక దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఎనభై ఆరు. పోయిన నెల రిజిస్టరులో ఉన్నదీ ఎనభై ఆరే. అన్నిటికీ టీకాలు వేశాను. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. తడిక వేయడం లేదు.

“నిండలే” అన్నాడు. 

“అన్నీ ఉన్నయి పెద్దయ్యా. ఎనభై ఆరు.” 

“ఉన్నయేమో. నిండలే.” 

రోడ్డు మీద వనపర్తి బస్సు వచ్చి నిలబడింది. ఆ ఊరికి అదే ఆఖరి బస్సు. నేను రిజిస్టరు ఆయన ముందు పెట్టాను, వేలిముద్ర వేయాలి. ఆయన చూపు దొడ్డి మూల మీద ఉంది. నేనూ అటు చూశాను. మూలన ఒక గొర్రె తల వేలాడేసుకుని, మిగతా వాటికి దూరంగా నిలబడి ఉంది. ఏదోలా అనిపించింది. నిజం చెప్పాలి, ఏదోలా అనిపించింది. ఆ గొర్రె ఇక్కడిది కాదన్నట్టు. వానకు వణుకుతోందిలే అనుకున్నాను. బస్సు హారన్ కొట్టింది. 

“లెక్క సరిపోయినంక ఇంకేంది పెద్దయ్యా? నీ మనసు తప్పొచ్చు, లెక్క తప్పదు. ముయ్యి” అన్నాను. 

ఆయన నా వైపు చూశాడు. రిజిస్టరు వైపు చూశాడు. వేలిముద్ర వేశాడు. తడిక వేశాడు. కోడలు బిందెతో అటుగా వచ్చి మమ్మల్ని చూసింది. నేను పరుగెత్తి బస్సెక్కాను. సీటు దొరికింది.

నాలుగో రోజు కబురొచ్చింది. మూలన నిలబడిన గొర్రె ఆయనది కాదు. అవతలి మందలోది, రోగంతో వచ్చింది. ఆయన చూడి గొర్రె ఒకటి వాళ్లతో వెళ్లిపోయింది. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. లెక్క సరిపోయింది. నేను వేసిన టీకా పనిచేయడానికి ఇంకా రోజులు పడుతుంది. రోగం ఆగలేదు.

ఆ నెల రోజులు నేను రోజూ పోయాను. సూదులు వేశాను. ముక్కులు కడిగాను. గుంటలు తవ్వుతుంటే పక్కన నిలబడ్డాను. రోజుకు ఒకటి, కొన్ని రోజులు ఐదు. మొదటి నాలుగు రోజులు ఏడ్చాననుకుంటాను. తర్వాత ఏడుపు ఆగిపోయింది. ఎక్కడో ఒక నరం తెగినట్టు అయింది నాకు, అది మళ్లీ అతుక్కోలేదు. ఆయన చనిపోయాడని విన్నప్పుడు టీ తాగగలిగింది కూడా అందుకేనేమో. మందలో సగానికి పైగా పోయింది.

ఒక్క మాట అనలేదాయన. తిడితే బాగుండేది. చివరికి ఉండబట్టలేక నేనే అడిగాను. “నీకు తెల్సు గదా పెద్దయ్యా. నిండలే అన్నవు. మరి ఎందుకు మూసినవు?” 

గుంట మీద మట్టి కాలితో సర్దుతూ చెప్పాడు. “నువ్వు లెక్కవెట్టినవు గదా బిడ్డా. సదువుకున్నదానివి. నా మనసే తప్పేమో అనుకున్న.” 

అందులో ఎత్తిపొడుపు లేదు. నన్ను సమాధానపరచాలనే అన్నాడు. నేను చేసిందేమిటో ఆ మాటతో నాకు పూర్తిగా తెలిసింది. గొర్రెలు మళ్లీ ఈనుతాయి, మంద మళ్లీ పెరుగుతుంది. డెబ్బై ఏళ్లు తన కన్నును నమ్ముకుని బతికిన మనిషికి అది తప్పొచ్చు అని చెప్పింది నేను. ఆయన నమ్మాడు.

అప్పటి నుంచి ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అంగీ జేబులో గులకరాళ్లు ఉండేవి, గొర్రెకొకటి. కాలు అదే చోట చాపేవాడు గానీ చూపు కింద ఉండేది, రాళ్లు ఒక్కొక్కటే ఇటు జేబులోంచి అటు జేబులోకి పోయేవి. అయిపోయాక మళ్లీ తోలించేవాడు. రెండుసార్లు, మూడుసార్లు. సరిపోయినా తడిక వేసేవాడు కాదు. “ఎన్ని మాట్ల మామా, సీకటి పడ్తున్నది” అని కోడలు విసుక్కునేది. ఆమె భర్త పట్నంలో బిల్డింగు పనిలో ఉంటాడు, ఇల్లూ మందా ఆమె మీదే. “నిండిందా పెద్దయ్యా?” అని ఒకసారి అడిగాను. “ముప్పై తొమ్మిది” అన్నాడు. నిండిందనే మాట ఆయన నోట నేను మళ్లీ వినలేదు.

క్షమించమని అడగాలనుకుంటూనే ఉన్నాను. మజ్జిగ తాగినప్పుడల్లా అనుకున్నాను. అడగలేదు. తర్వాత నాకు కొత్తకోట వైపు బదిలీ అయింది. చివరిసారి పోయినప్పుడు మంచం మీద ఉన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు, వేళ్లు మాత్రం దుప్పటి మీద ఒకటీ ఒకటీ కదులుతున్నాయి. చెవి వెనక బీడీ లేదు.

పన్నెండో రోజు పోయాను. ఎందుకు ఆ రోజే పోయానో తెలియదు, పొద్దున లేవగానే పోవాలనిపించింది, పోయాను. చుట్టాలంతా వెళ్లిపోయారు. కొడుకు కూడా పొద్దున్నే పట్నం బస్సెక్కాడట. కోడలు నాకు అన్నం పెట్టింది. తిన్నాను. తింటూ, తల ఎత్తకుండా చెప్పాను. “ఆ పొద్దు ముయ్యి అన్నది నేనే.” 

“తెల్సు మేడం. నేను ఆడనే ఉన్న గదా” అంది. ఇంకొంచెం పప్పు వేసింది.

సాయంత్రం ఆమెతో దొడ్డి దాకా నడిచాను. మంద వచ్చింది. మళ్లీ యాభై దాటింది. ఆమె తడిక కుడి పక్కన నిలబడి నోటితో లెక్కపెట్టింది, యాభై మూడు. తడిక మీద చెయ్యి వేసింది. వేయలేదు. బొటనవేలితో వెదురు మీద రుద్దుతూ నిలబడింది. 

“లెక్క సరిపోయింది మేడం” అంది, నేను అడగకుండానే. 

“మరి?” 

“ఏమో. ఏదో తక్కువున్నట్టున్నది. ఊకెనే. మూస్త మేడం.” 

“ముయ్యకు” అన్నాను. 

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “చూద్దాం పా. ఒక్కొక్కటి చూద్దాం.” 

చెప్పులు విప్పి లోపలికి పోయాం. మొహం మొహం చూసుకుంటూ పోయింది ఆమె. చెవి కోతలు తడిమింది. మూలల్లో చూశాను, ముక్కులు చూశాను. అన్నీ వాళ్లవే. అన్నీ బాగున్నాయి. 

“అన్నీ ఉన్నయి మేడం. మిమ్ముల ఊకె పరేషాన్ చేసిన” అని సిగ్గుపడింది. 

“నిండిందా?” 

ఆమె నన్ను చూసింది. ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. “నిండలే” అంది. 

“అయితే బయటికి తోలి మళ్ల లోపలికి తోలు.” 

తోలింది. గొర్రెలు విసుగ్గా బయటికి పోయి, గుంపుగా తిరిగి, మళ్లీ తడిక దగ్గరికి వచ్చాయి. ఈసారి నేను లెక్కపెట్టలేదు, ఊరికే చూశాను. దారి అంతా ఖాళీగానే ఉంది. కానీ తడిక దగ్గరికి రాగానే ముందు గొర్రె కొంచెం కుడికి ఒరిగింది. దాని వెనకది కూడా. దాని వెనకది కూడా. ఎడమ పక్కన అడుగు మేర నేలను వదిలేసి, అక్కడేదో అడ్డం ఉన్నట్టు తప్పించుకుంటూ, ఒక్కొక్కటే లోపలికి పోయాయి. ఒక్క గొర్రె కూడా ఆ నేల తొక్కలేదు. 

ఆమె కూడా చూసింది. “మామ కాలు” అంది మెల్లగా. “ఆడనే వెట్టేటోడు.” 

రోడ్డు మీద బస్సు వచ్చి నిలబడింది. హారన్ కొట్టింది. 

“మీ బస్సు మేడం.” 

“పోనీ. నువ్వు అటు పక్క నిలబడు. కాలు గిట్ల వెట్టు.” 

ఆమె ఎడమ పక్కకు వచ్చి కాలు చాపింది. గోడ మీద చెయ్యి పెట్టి మందను చూసింది. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆమె చూస్తూనే ఉంది, నేను తొందర పెట్టలేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఆరేళ్లది, పన్నెండు రోజులది కలిపి. గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆమె నా వైపు తిరగలేదు. మందనే చూస్తూ, చాలాసేపటికి, “ఇగ నిండింది మేడం” అని తడిక వేసింది.